పొలమారినప్పుడు తలచుకొనువారెవరు?

మన యిండ్లలో అన్నము తినుచున్న వృద్ధునకు పొలమారినచో ప్రక్కనున్నవారు చేయు పనులు మూడు. ఒకరు నడినెత్తిపై అరచేతితో తట్టుదురు. మరియొకరు చెంబెడు నీళ్ళు నోటి కందింతురు. మూడవవారు నవ్వుచు, "ఎవరో తలచుకొంటా ఉన్నారు" అందురు. దగ్గు తగ్గును, మాట అంతటితో ముగియును. రేపు మరల పొలమారును. ఎల్లుండియు అంతే. కొన్ని నెలలు గడచునప్పటికి ఆ పెద్దాయన కంఠము పీలవోయి, నడవలో నుండి పిలిచిన పిలుపు వంటింటికి చేరదు. అప్పుడు ఇంటిల్లిపాదియు ఇచ్చు తీర్పు ఒక్కటే: "వయసైపాయ కదప్పా, గొంతు అట్లే ఉంటాది."

ఈ తీర్పు తప్పని, ప్రాణముల మీదికి తెచ్చు తప్పని చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వ్రాయుటకు ముందే ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. "మన పత్రికలో బడులలోని తెలుగు తరగతులను గూర్చి వ్రాయవలెను, ఉపాధ్యాయుల ఖాళీలను గూర్చి వ్రాయవలెను, రాజ్యాంగములోని 350-ఎ అధికరణమును గూర్చి వ్రాయవలెను, దగ్గును, కఫమును గూర్చి వ్రాయుటకు వైద్యుల పత్రికలు లేవా?" అని అడుగు మిత్రులు మన సంఘములో కలరు. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగములో చేరిన ఆ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని చెప్పుచున్నది. దానికై పోరాడవలసినదే. కాని మిత్రులను నే నడుగునది, ఆ పిల్లవాడు తెలుగును ముందు ఎవరి నోట వినవలెను? శిడ్లఘట్టలోను, బాగేపల్లిలోను, చింతామణిలోను తెలుగు నేటికిని బ్రదికియున్నది బడిగదిలో గాదు, అవ్వతాతల నోట. కైవారము తాతయ్య 1726 మొదలు 1836 వరకు నూటపది యేండ్లు జీవించినారని మన పెద్దల వాడుక. ఆయన తెలుగు కీర్తనలను భజనలలో ఎత్తుకొను గొంతులు ఎవరివి? డెబ్బది దాటినవారివే. ఆ గొంతులు ఒక్కొక్కటిగా ఆరిపోవుచుండగా "వయసైపాయ" అని ఊరకుండి, వినతిపత్రములపై సంతకములు చేయుచు కూర్చుండుట భాషాసేవ యనిపించుకొనదు.

ఈ మాట నేను పరుల తప్పు లెంచుటకు చెప్పుట లేదు. మా యింటి కథయే చెప్పెదను.

మా పెదనాయనగారు పడుచుతనమున ఊరి నాటకములలో కృష్ణుని వేషము కట్టినవారు. పద్యమెత్తుకొన్నచో చెరువుకట్ట మీది వారికి వినబడెడిదని మా ఊరివారు చెప్పుకొనెడివారు. బ్రతుకుతెరువు మాత్రము పట్టు రీలింగు. పట్టుగూళ్ళు ఉడుకు నీటి ఆవిరిలో, ఆ పురుగు వాసనలో నలువది యేండ్లు కూర్చున్న మనిషి. ఆ పనిలో నున్నవారికి ఉబ్బసము వచ్చుట మన పట్టణములో ఎవరికి తెలియదు? డెబ్బదియైదు దాటిన పిమ్మట ఆయన గొంతు సన్నగిల్లెను. మనుమడు దూరవాణిలో మాటాడుచు "తాతా, గట్టిగా చెప్పు" అనిన, ఆయన చేతిలోని దానిని మా పెద్దమ్మ కిచ్చి లేచిపోవుట మొదలుపెట్టెను. కాఫీ త్రాగునప్పుడు దగ్గు. సారు నోట పోసికొన్నప్పుడు దగ్గు. నేనే ఎన్నిమారులో నెత్తిపై తట్టితిని. ఆ చలికాలమున మూడుమారులు జ్వరము వచ్చెను. మూడుమారులును ఊపిరితిత్తులలో నిమ్ము చేరినదనిరి. సూదులు వేసిరి, ఇంటికి పంపిరి. ఆసుపత్రిలో ఒక యువవైద్యుడు కన్నడములో మర్యాదగానే అడిగెను, భోజనము సహించుచున్నదా యని. "సేర్తదె" అని పెదనాయన చెప్పెను. మ్రింగుట కష్టముగా నున్నదా యని అడిగెను. లేదనెను. అబద్ధమాడలేదు; పొలమారుటను ఆయన కష్టమని యెన్నడును ఎంచలేదు గదా! "పొలమారుచున్నదా?" అని తెలుగులో ఒక్కమాట అడిగియుండినచో "దినమూ" అని చెప్పియుండెడివారు. అడుగవలసిన మాట వైద్యునికి తెలియదు. తెలిసిన నేను ప్రక్కనే నిలుచుండి నోరు మెదపలేదు. ఆ మూడవ జ్వరము నుండి ఆయన తేరుకొనలేదు.

కంఠము పీలవోవుటకును, అన్నము పొలమారుటకును, నిమ్ము చేరుటకును గల సంబంధమును ఆయన పోయిన తరువాత గాని నేను తెలిసికొనలేదు. అది ఇది.

కంఠము ఒక కూడలి. గాలి పోవు బాట, అన్నము పోవు బాట అచ్చట కలిసి విడిపోవును. గాలిబాట ముందున్నది, అన్నపు బాట వెనుకనున్నది. గాలిబాట వాకిట నున్నదే స్వరపేటిక. మగవారి మెడపై ముడివలె కనబడునది అదియే. దానిలోపల స్వరతంత్రులని పేరుగల రెండు మెత్తని మడతలు తలుపు రెక్కలవలె అమర్పబడియున్నవి. ఊపిరి పీల్చునప్పుడవి విప్పుకొనును. మాటాడునప్పుడు దగ్గరకు చేరి గాలితాకుడుకు కంపించును. మ్రింగునప్పుడు గట్టిగా మూసికొనును. మీ మెడపై వ్రేలుంచి ఒక గుటక వేసి చూడుడు: స్వరపేటిక పైకి లేచును. అదే క్షణమున నాలుక మొదట నున్న మూత దానిపై ఒరుగును, రెక్కలు మూతపడును, ఊపిరి నిలుచును, వెనుక అన్నవాహిక నోరు తెరచుకొనును. ఇదంతయు సుమారు ఒక సెకనులో జరిగిపోవును. జీవశాస్త్రజ్ఞులు చెప్పుదాని ప్రకారము ఆ రెక్కలు తొలుత ఏర్పడినది ఊపిరితిత్తులను కాచుటకు. పలుకు వానికి తరువాత అబ్బిన విద్య. పద్యము పాడు తలుపును, ప్రాణము కాచు తలుపును ఒక్కటే.

వార్ధక్యమున ఈ రెక్కలలోని కండ పలుచబడి అంచులు విల్లువలె వంగును. మూసికొన్నను నడుమ సందు మిగులును. మాటాడునప్పుడు ఆ సందున గాలి వృథాగా జారిపోవుటచే పలుకు పీలయగును, వాక్యము నడుమనే ఊపిరి చాలకపోవును. దగ్గుటకును ఆ రెక్కలే కావలెను. వానిని బిగించి, లోపల గాలి నొత్తిపట్టి, ఒక్క పెట్టున విడిచినప్పుడే దగ్గుకు పదును వచ్చును. మూత వదులైనచో దగ్గు ఉత్త గాలియే. దీనికి తోడు ముదిమిలో గుటక ఆలస్యముగా మొదలగును, కంఠపు స్పర్శ మొద్దుబారును. అందుచేత కొందరికి నీటిబొట్టు గాలిబాటలోనికి దిగినను దగ్గే రాదు. "ఈ నడుమ పొలమారుట తగ్గినది, నయమైనది" అని మనము సంతోషింతుము. కావలివాడు నిద్రపోయినాడని దాని యర్థము కావచ్చును!

పీలగొంతు గల ప్రతివానికి నిమ్ము వచ్చితీరునని నేను చెప్పను. అనేకులు సన్నని గొంతుతోనే తొంబదియేండ్లు సుఖముగా తిని త్రాగుచున్నారు. కాని గొంతు మారుటయు, తినునప్పుడు దగ్గుటయు, మరల మరల జ్వరము వచ్చుటయు ఒకే మనిషియందు కలిసినచో దానికి వయసని పేరుపెట్టి చేతులు దులుపుకొనుట నేరమే. పక్షవాతము వచ్చినవారిలో తొలిదినములలో సగమునకు దగ్గరగా మ్రింగుట చెడును. వణుకుడు రోగమైన పార్కిన్సన్ వ్యాధిలో గొంతు తగ్గుటయు, మ్రింగుట చెడుటయు తోడుదొంగలు. ఆ రోగుల మరణములకు నిమ్ము ఒక ముఖ్యకారణము. నిద్రమాత్రలు కావలిని మొద్దుబార్చును; కొన్ని జలుబు మాత్రలు నోటిని ఎండగట్టును. ఇక బీడీ, పొగాకు అలవాటున్నవారి బొంగురుగొంతు వేరొక కథ. నాలుగు వారములు దాటినను తగ్గని బొంగురు ఏ వయసువానికైనను సరే, గొంతు వైద్యుడు అద్దముతోనో, సన్నని గొట్టపు కెమెరాతోనో లోపలికి చూడవలసినదే. స్వరపేటికలో పుండో, మెడలో గడ్డయో, రొమ్ములో కంతి నొక్కుటచే చచ్చుబడిన నరమో అచ్చట పట్టుబడవచ్చును. తొలిదశలో పట్టుబడిన స్వరపేటిక పుట్టకురుపు చాలవరకు నయమగునది. "వయసు" అన్న ఒక్కమాట క్రింద ఇన్ని రోగములు దాగుచున్నవి.

ఇక మన ఆచారముల మాట. నెత్తిపై తట్టుట ఎందులకు? కన్నడిగ సోదరులు పొలమారుటను "నెత్తిగె హత్తితు" అందురు, నెత్తి కెక్కినదని. మనమును అచ్చటనే తట్టుచున్నాము. భాషలు రెండైనను పొరపాటు ఒక్కటే! మెతుకు చేరినది నెత్తికి కాదు, గాలిబాట వాకిటికి. దగ్గగలుగుచున్నంతవరకు ఆ మనిషిని ముందునకు వంగనిచ్చి దగ్గనీయుడు, దగ్గే మందు. దగ్గుచున్నవాని నోట నీళ్ళు పోయకుడు. మాట రాక, దగ్గు రాక, ముఖము నీలివారినచో మాత్రము నిలుచుండి చూడరాదు. ముందునకు వంచి రెండు భుజపుటెముకల నడుమ అరచేతి మడమతో అయిదుమారులు గట్టిగా కొట్టవలెను; తగ్గనిచో వెనుకనుండి చేతులు చుట్టి బొడ్డుకు పైన, రొమ్మెముకకు క్రింద పిడికిలితో లోనికి, పైకి అయిదుమారులు నొక్కవలెను; ఊపిరి ఆడువరకు ఈ రెండును మార్చి మార్చి చేయుచు, ఒకరిని 108కు దూరవాణి చేయ పంపవలెను. 1974లో అమెరికా వైద్యుడు హైమ్లిక్ ఈ నొక్కుటను లోకమునకు తెలిపెను. యాభై యేండ్లు గడచినను మన వాడలలో ఇంకను నెత్తిపై తట్టుటే.

సంగటి విషయము చెప్పుటకు నాకు జంకుగానే యున్నది, రాగిసంగటి మన ప్రాంతపు గర్వము గదా. నమలక, సారులో ముంచి గుటుక్కున మ్రింగుటయే దాని మర్యాద యని మన పెద్దలు నేర్పిరి. బలమైన గొంతుకు అది మర్యాదయే. పక్షవాతము తిన్న గొంతునకు ఆ ముద్ద బండరాయి. వారికి చిన్న పిడచలుగా, మెత్తగా కలిపి పెట్టుట సంగటికి అవమానము కాదు. వింతయేమన, అన్నిటికంటె అపాయకరమైనది ముద్ద గాక పలుచని నీరే పలువురకు. నీరు వేగముగా జారును. ఆలస్యమైన గుటకకు అందదు. చిక్కని రాగిజావ నిదానముగా దిగును. ఐనను అందరికి అన్నియు చిక్కగా చేసి పెట్టవలెనని నేను చెప్పుట లేదు. నీరు చాలక ఒడలు ఎండుట మరియొక ముప్పు. ఎవరికేది తగునో పరీక్షించి చెప్పువారు వేరే కలరు.

మంచము పట్టినవారిని పడుకొనబెట్టియే పాలు పోయుట మరియొక దురాచారము. అంత్యకాలమున తులసితీర్థము చల్లగా పెదవి తడుపుటను నేను తప్పుపట్టను. అది భక్తి, అది వీడ్కోలు. కాని జ్వరముతో మగతగానున్న మనిషి చుట్టు బంధువులందరు చేరి, చూడవచ్చిన ప్రతివారును ఒక చెంచా పాలు నోట పోసి పోవుట నేను కన్నులార చూచితిని. మేలుకొని, నిటారుగా కూర్చుండి, పిలిచినచో పలుకువానికి తప్ప ఎవరికిని నోట ఏమియు పెట్టరాదు. తినిన పిమ్మట అరగంట కూర్చుండనీయవలెను. తినుచున్నప్పుడు మాటలలో పెట్టరాదు. ఇంత చిన్న సంగతులకు వైద్యుడక్కరలేదు, రూపాయి ఖర్చు లేదు.

ఖర్చులేని మందు ఇంకొకటి కలదు. అది పండ్లు తోమించుట. ఊపిరితిత్తులలోనికి జారునది కేవలము మెతుకు గాదు, నోటిలోని మురికితో కూడిన ఉమ్ముకూడ. జపానులో పదునొకండు వృద్ధాశ్రమములలో రెండేండ్లపాటు కొందరికి ప్రతి భోజనమునకు తరువాత నోరు శుభ్రము చేయించి, కొందరిని పూర్వమువలెనే విడిచి చూచిరి. 1999లో ఆ ఫలితములు వెలువడినవి. విడిచినవారిలో నూటికి 19 మందికి నిమ్ము వచ్చెను. నోరు శుభ్రము చేయించినవారిలో 11 మందికి మాత్రమే. పండ్లూడినవారికిని ఈ మేలు కనబడెను. మనము అవ్వకు పండ్లు లేవు గనుక నోరు కడుగ నక్కరలేదనుకొందుము!

పోయిన గొంతు రాదనుటయు సరిగాదు. పార్కిన్సన్ రోగులకై 1980ల చివర అమెరికాలో బిగ్గరగా పలుకు సాధన యొకటి రూపొందెను. లీ సిల్వర్మన్ అను రోగి పేరనే అది నేటికిని చెల్లుచున్నది. 2010లో వెలువడిన మరియొక అమెరికా పరిశోధనలో, ఎదురొత్తిడి గల చిన్న గొట్టములోనికి బలముగా ఊదు సాధనను నాలుగు వారములు చేసిన పార్కిన్సన్ రోగులకు మ్రింగునప్పటి అపాయము తగ్గెను. ముదుసలి స్వరమును సాధనచే బలపరచు నిపుణులు మన దేశమునను కలరు. మైసూరులోని అఖిల భారత వాక్శ్రవణ సంస్థ 1960ల మధ్య నుండి పనిచేయుచున్నది. బెంగుళూరు నిమ్హాన్సులో వాక్చికిత్సా విభాగము కలదు.

ఇచ్చటనే మన సంఘమునకు పని యున్నది. మ్రింగుడు చికిత్స కత్తితో గాని సూదితో గాని చేయునది కాదు, మాటతో చేయునది. "ఊపిరి పీల్చి బిగపట్టు; బిగపట్టియే గుటక వేయి; గాలి పీల్చక ముందే దగ్గు; మరల గుటక వేయి" అను వరుస ఒకటి నేర్పుదురు. ఈ నాలుగు పనులలో రెండు తారుమారైనచో మేలుకు బదులు కీడే. కన్నడము అంగడిలో మాటాడ నేర్చి, ఇంట తెలుగే పలుకు అవ్వకు, అందులోను పక్షవాతముతో సగము మాట పోయినదానికి, ఈ వరుస ఏ భాషలో చెప్పవలెను? స్వరసాధన చేయించునప్పుడు ఆమె బిగ్గరగా పలుకవలసిన వాక్యములు ఏ భాషలో నుండవలెను? ఆమె నిద్రలో పలుకు భాషలో. కన్నడ వైద్యులపై నాకు ఫిర్యాదు లేదు. వారిలో పలువురు మన మాట అర్థము చేసికొందురు, కొందరు మన యిండ్లవారే. లోపము మనది. బడిలో మాతృభాష హక్కని గొంతెత్తు మనము, ఆసుపత్రి గదిలో మాతృభాష ప్రాణావసరమని ఒక్కమారైనను అడిగితిమా?

2007లో కోలారు నుండి విడివడి మన చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడెను. వృద్ధుల ఆరోగ్యమునకై కేంద్రప్రభుత్వము 2010-11లో ఆరంభించిన జాతీయ కార్యక్రమము జిల్లా ఆసుపత్రులలో ముదుసలులకు ప్రత్యేకముగా పది పడకల వార్డును, రోగుల విభాగమును ఏర్పరుపవలెనని చెప్పుచున్నది. అందులో మ్రింగుడును, గొంతును చూచువారొకరు వారమున కొక్కదినమైనను ఉండవలెనని, వారికి తెలుగు రానిచో తెలుగు వచ్చిన దాది ప్రక్కన నిలువవలెనని మనము కోరవలెను. ఉచిత శిబిరములు పెట్టు పెద్దలకు ఒక మనవి. కన్ను చూచుచున్నారు, చక్కెర చూచుచున్నారు, రక్తపుపోటు చూచుచున్నారు. ముసలివానిచే రెండు గుటకల నీరు త్రాగించి, పిమ్మట "ఆ" యని పలికించి, గొంతు తడితడిగా గరగరలాడుచున్నదా యని చెవియొగ్గి వినుటకు ఏ యంత్రము కావలెను? (మగతగా నున్నవారికి, ఇదివరకే పక్షవాతము వచ్చినవారికి మాత్రము దీనిని నిపుణులే చేయవలెను.)

రానున్న శిబిరమునకు ఒక చిన్న కాగితము సిద్ధము చేసితిని. దానిలో అయిదే ప్రశ్నలు: తినునప్పుడు గాని త్రాగునప్పుడు గాని పొలమారుచున్నదా? తినిన పిమ్మట గొంతు గరగరలాడుచున్నదా? గొంతు మారి నాలుగు వారములు దాటినదా? ఈ యేడు నిమ్ముగాని కారణము తెలియని జ్వరముగాని రెండుమారులు వచ్చినదా? తెలియకయే ఒళ్ళు తగ్గుచున్నదా? ప్రశ్నలు మన యింటి తెలుగులో నున్నవి. మన పిల్లలలో చాలమందికి తెలుగు లిపి రాదు గనుక అవే తెలుగు మాటలను వెనుకప్రక్క కన్నడ లిపిలో అచ్చొత్తించవలెనని నా కోరిక. లిపి విషయమున కార్యవర్గములో కొందరు కోపగింతురని నాకు తెలియును. వారు కోపగించినను సరే. అవ్వ ప్రక్కన కూర్చుండి ఆ కాగితము చదువవలసినవాడు మనుమడు. అచ్చు ఖర్చు నేను పెట్టుకొందును.